సంక్రాంతి కప్పులు, వరల్డ్ కప్పు: మన మైదానాల్లో లెదర్ బాల్ ఎందుకు కనబడదు?

దేవరకొండ లెఫ్టీ | 3 జనవరి 2026, రాత్రి 9:12

సంక్రాంతి దగ్గరికొచ్చింది. కొండమల్లేపల్లి నుంచి కల్వకుర్తి దాకా ఏ చౌరస్తాలో చూసినా క్రికెట్ టోర్నమెంట్ ఫ్లెక్సీలే. ప్రథమ బహుమతి ఇంత, ద్వితీయ ఇంత, మ్యాన్ ఆఫ్ ద సిరీస్‌కు ఇంత, ఎంట్రీ ఫీజు ఇంత. దాతల పేర్లు, ఫొటోలు అన్నీ ఉంటాయి. ఏ బాల్, ఎలాంటి పిచ్ అన్నది మాత్రం ఎవరూ రాయరు. రాయాల్సిన పని కూడా లేదు. టెన్నిస్ బాల్, ఎనిమిదో పదో ఓవర్లు, చదును చేసిన చెలక. అందరికీ తెలిసిందే.

ఫిబ్రవరి 7 నుంచి టీ20 వరల్డ్ కప్. ఇండియా, శ్రీలంకల్లో 20 జట్లు ఆడుతున్నాయి. ఈ నెల మన కప్పులు, వచ్చే నెల ఆ కప్పు. చిన్నప్పటి నుంచి నేను రెండింటినీ వదలకుండా చూస్తున్నా, ఒకదాంట్లో ఆడుతున్నా కూడా. అందుకే ఒక మాట గట్టిగా అనిపిస్తోంది. మన టోర్నీల ప్రైజ్ మనీలో సగం పక్కన పెట్టి మ్యాటింగ్ (పిచ్ మీద పరిచే మ్యాట్), లెదర్ బాళ్లు కొనాలి. ఉమ్మడి నల్గొండలో ఒకటి, ఉమ్మడి పాలమూరులో ఒకటి, ఏటా ఎండాకాలంలో లెదర్ బాల్ టోర్నీ ఆగకుండా జరగాలి.

సిరాజ్‌నే చూడండి. ఆటో నడిపే తండ్రి కొడుకు. టెన్నిస్ బాల్‌తోనే పెరిగాడు. కానీ హైదరాబాద్‌లో ఉన్నాడు కాబట్టి లీగ్ క్రికెట్, నెట్స్ అతనికి అందే దూరంలో ఉన్నాయి. 2015లో రంజీ మొదలుపెట్టాడు, తర్వాతి సీజన్‌లోనే 41 వికెట్లు తీశాడు. ఇక 2025 ఆగస్టు 4న ఓవల్‌లో జరిగింది మనందరం చూశాం. చివరి రోజు ఇంగ్లండ్‌కు కావలసింది 35 పరుగులు, చేతిలో 4 వికెట్లు. అందులో మూడు అతనే తీశాడు. ఆఖరుది అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ లేపిన యార్కర్. 6 పరుగులతో గెలిచాం.

ఆ యార్కర్ లాంటిది వేసే పిల్లలు మన దగ్గర లేరా? ఉన్నారు. డిండి, చింతపల్లి, అచ్చంపేట టోర్నీల్లో నేనే ఎదుర్కొన్నా. కానీ వాళ్ల చేతికి ఎర్ర బాల్ ఒక్కసారైనా రాకుండానే ఇరవై రెండేళ్లు దాటిపోతున్నాయి. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఏదో ఒక ఉద్యోగం, అంతే.

---

గద్వాల కీపర్ | 3 జనవరి, రాత్రి 9:50

లెఫ్టీ అన్నా, నువ్వన్నది మంచిగనే ఉంది గని ఒకటి సోంచాయించు. మా దిక్కు టోర్నమెంట్ అంటే జాతర లెక్క. అయిజ, అలంపూర్, మల్దకల్ నుంచి ట్రాక్టర్లల్ల వస్తరు. కర్నూలు నుంచి, రాయచూరు దిక్కు నుంచి గూడ టీములు దిగుతయి. పొద్దుగాల మొదలైతే పొద్దుమూకేదాంక ఐదారు మ్యాచులు నడుస్తయి. టెన్నిస్ బాల్ గాబట్టే గట్ల నడుస్తయి. ప్యాడ్లొద్దు, హెల్మెట్ వద్దు, చెప్పులేసుకొని గూడ ఆడొచ్చు. బ్యాటొక్కటి ఉంటే చాలు, అది గూడ టీముకు ఒకటే.

లెదర్ బాల్ పెడితే కిట్టు ఎవరు కొనాలె? దెబ్బ తగిలితే దవాఖానకు ఎవరు తీస్కపోవాలె? పత్తి ఏరిన పైసలతోని ఎంట్రీ ఫీజు కట్టే పోరగాండ్లున్నరు. ఆళ్లను ఆటకు దూరం చేసి ఏం సాధిస్తం?

ఇంకోటి. ప్రైజ్ మనీ తగ్గిస్తే పెద్ద టీములు రావు. పెద్ద టీములు రాకుంటే జనం రారు. జనం రాకుంటే పైసలిచ్చేటోళ్లు ఉండరు.

---

మిర్యాలగూడ అంపైర్ | 3 జనవరి, రాత్రి 10:31

కీపర్ తమ్ముడు చెప్పిన ఖర్చు మాట నిజమే. దాని గురించి వేరే వాళ్లు రాయండి. నేను ఆట సంగతి రాస్తాను, ఎన్‌ఎస్‌పీ క్యాంపు గ్రౌండ్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ చాలా కాలంగా తెల్ల టోపీ పెట్టుకుని నిలబడుతున్నవాణ్ని కాబట్టి.

మన టోర్నీల రూల్స్ కాగితం తీసి చదవండి. దాదాపు అన్నింట్లో ఉండేది ఒకటే: ఎల్బీడబ్ల్యూ (స్టంప్స్‌కు తగలాల్సిన బాల్‌ను కాలితో అడ్డుకుంటే ఇచ్చే అవుట్) లేదు. పెడితే గొడవలవుతాయని తీసేశారు. ఒక్కో టీమ్‌తో వందమంది వస్తారు, స్టంప్స్ వెనకాల కెమెరా లేదు, అంపైర్ ఊరివాడే. తీసేయడానికి కారణం నాకూ అర్థమవుతుంది. కానీ దాంతో ఏమైందో చూడండి. మన బ్యాటర్ బౌలర్ పరుగు మొదలుపెట్టగానే ఆఫ్ స్టంప్ మీదకి జరుగుతాడు, మూడు స్టంప్స్‌నూ కాలితో కప్పేస్తాడు, ఏ బాల్ వచ్చినా మిడ్ వికెట్ మీదుగా లేపుతాడు. బాల్ కాలికి తగిలినా నష్టం లేదు. ఆ అలవాటు ఎముకల్లోకి పోతుంది. అదే కుర్రాడు రేపు సెలక్షన్స్‌కు పోతే మూడో బాల్‌కే ప్యాడ్ ముందు దొరికిపోతాడు. వాడిలో దమ్ము లేక కాదు, కాలు ఎక్కడ పెట్టాలో వాడికి ఎవరూ నేర్పలేదు, ఆట కూడా నేర్పలేదు.

బౌలర్ల సంగతి ఇంకా ఉంది. మామూలు టెన్నిస్ బాల్ 58 గ్రాములు ఉంటుంది. క్రికెట్ బాల్ 156 నుంచి 163 గ్రాములు. దగ్గర దగ్గర మూడింతలు. తేలిక బాల్‌కు వేగం తెప్పించడానికి కుర్రాళ్లు భుజం, మోచెయ్యి విసురుతారు. అంతర్జాతీయ క్రికెట్‌లో మోచెయ్యి 15 డిగ్రీల కంటే ఎక్కువ చాపితే నో బాల్. మన దగ్గర దాన్ని ఎవరు పట్టుకుంటారు? నేను పిలిచిన రోజు మ్యాచ్ అరగంట ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లకు ఆ చెయ్యి కుదురుకున్నాక మార్చడం చాలా కష్టం.

కాబట్టి లెదర్ బాల్ వచ్చేలోపు కనీసం ఇది చేయండి. ఈ సంక్రాంతికి సెమీఫైనల్స్ నుంచి ఎల్బీడబ్ల్యూ పెట్టండి. ఇద్దరు అంపైర్లనూ బయటి మండలం నుంచి పిలిపించండి.

---

జడ్చర్ల జంక్షన్ | 3 జనవరి, రాత్రి 10:44

సార్, ఎల్బీ పెట్టి చూసినం మా దగ్గర. మొదటి మ్యాచ్‌లనే స్టంప్స్ పీకి కొట్లాటకొచ్చిన్రు. అయినా పెట్టాలె అనే నా మాట గూడ.

---

ఎన్జీ కాలేజ్ పాత బ్యాచ్ | 4 జనవరి, ఉదయం 6:20

పొద్దున్నే చదివాను అందరి పోస్టులూ. నల్గొండలో ఎన్జీ కాలేజ్ గ్రౌండ్‌లో ఆడిన తరం మాది. మాకు టెన్నిస్ బాల్ కన్నా ముందు కార్క్ బాల్ ఉండేది. తగిలితే వారం నొప్పి. లెదర్ బాల్ ఒకటి దొరికితే కుట్లు ఊడేదాకా ఆడేవాళ్లం.

1983 వరల్డ్ కప్ గురించి మాట్లాడినప్పుడు అందరూ లార్డ్స్ బాల్కనీనే తలుచుకుంటారు. 183 కొట్టి వెస్టిండీస్‌ను 140కి ఆపడం, 43 పరుగుల గెలుపు. నాకు మాత్రం ఆ టోర్నీ మొదటి రోజే ఇష్టం. జూన్ 9న ట్రెంట్ బ్రిడ్జ్‌లో జింబాబ్వే ఆస్ట్రేలియాను 13 పరుగులతో ఓడించింది. అప్పటికి వాళ్లకు టెస్ట్ హోదా లేదు. జట్టులో ఎక్కువమంది వేరే పనులు చేసుకుంటూ సెలవు రోజుల్లో క్రికెట్ ఆడినవాళ్లు. కెప్టెన్ డంకన్ ఫ్లెచర్ 69 నాటౌట్, ఆపైన 4 వికెట్లు. తర్వాత మన ఇండియాకు కోచ్‌గా వచ్చింది ఆయనే. జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో మనవాళ్లను 17 పరుగులకే 5 వికెట్లతో నిలబెట్టింది కూడా ఆ జట్టే. కపిల్ 175 కొట్టకపోతే ఆ కథ అక్కడికే ఆగేది. ఆ ఇన్నింగ్స్‌కు వీడియో లేదు. మాకు రేడియో, మర్నాటి పేపరే ఆధారం.

అలాంటివి ఇంకా ఉన్నాయి. 2003లో కెన్యా సెమీఫైనల్ దాకా వచ్చింది. నైరోబీలో శ్రీలంక మీద కొలిన్స్ ఒబుయా 24 పరుగులకు 5 వికెట్లు తీశాడు. 2007 మార్చి 17న ఐర్లండ్ పాకిస్తాన్‌ను ఇంటికి పంపింది. 2011లో బెంగళూరులో కెవిన్ ఓబ్రయన్ 50 బంతుల్లో వంద కొట్టి ఇంగ్లండ్‌ను ఓడించాడు. ఈసారి ఇటలీ మొదటిసారి ఆడబోతోంది.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, అమెచ్యూర్ అంటే తక్కువ రకం ఆట అని మన దగ్గర ఒక అభిప్రాయం నాటుకుపోయింది. వాళ్లలో చాలామంది అమెచ్యూర్లే, కానీ ఆడింది అసలు బాల్‌తో, అసలు రూల్స్‌తో, శనాదివారాల్లో. పొద్దున ఉద్యోగం, సాయంత్రం నెట్స్. అందుకే అవకాశం వచ్చిన రోజు కపిల్ దేవ్ ముందు నిలబడగలిగారు. మన కుర్రాళ్లకు తక్కువైంది జీతం కాదు. ఆ రెండే: బాల్, రూల్స్.

---

డల్లాస్‌లో సూర్యాపేట | 4 జనవరి, ఉదయం 8:05

పాత బ్యాచ్ సార్, మీరు రాసినదానికి సాక్ష్యం నేను ఇక్కడ కళ్లారా చూశాను. 2024 జూన్ 6న గ్రాండ్ ప్రెయిరీ స్టేడియంలో అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించినప్పుడు నేను స్టాండ్స్‌లో ఉన్నాను. రెండు జట్లూ 159. సూపర్ ఓవర్లో అమెరికా 18, పాకిస్తాన్ 13. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ ఒరాకిల్‌లో ఇంజినీరు. 2010లో ఇండియా తరఫున అండర్-19 వరల్డ్ కప్ ఆడి, తర్వాత చదువు కోసం ఇక్కడికి వచ్చినవాడు.

ఇక్కడి వారాంతపు లీగుల్లో మన తెలుగువాళ్లే బోలెడుమంది. నేను సూర్యాపేటలో ఉన్నన్నాళ్లూ టెన్నిస్ బాల్ తప్ప ముట్టలేదు. ముప్పై దాటాక ఇక్కడ మొదటిసారి ప్యాడ్లు కట్టుకున్నాను. అంటే లెదర్ బాల్ కోసం నేను సముద్రం దాటాల్సి వచ్చింది. ఈ మాట రాస్తుంటే బాధగా ఉంది.

లీగ్ ఎలా నడుస్తుందో చెప్తాను, మనకు పనికొస్తుంది. సీజన్‌కు ముందే ప్రతి ఆటగాడూ డబ్బు కడతాడు. ఆ డబ్బుతోనే బాళ్లు, గ్రౌండ్ అద్దె. పిచ్ మీద మ్యాటింగ్. అంపైరింగ్ కోసం ఆ రోజు మ్యాచ్ లేని జట్టు ఇద్దరిని పంపాలి, పంపకపోతే పాయింట్లు కోస్తారు. కప్పు చిన్నది. ప్రైజ్ మనీ లేనే లేదు. అయినా ఏ ఒక్కరూ మానరు.

గద్వాల కీపర్ గారన్నట్టు ప్రైజ్ మనీ లేకపోతే జనం రారేమో. కానీ ఆడేవాళ్లు వస్తారు. ముందు కావలసింది వాళ్లే కదా?

---

గద్వాల కీపర్ | 4 జనవరి, ఉదయం 9:30

అన్నా, అమెరికాల సంపాదించేటోళ్లు సీజన్‌కు కడుతరు. మా పోరలు ఎట్ల కడుతరు? నేను కాదంటలేను, లెక్క చెప్పమంటున్న.

---

మక్తల్ టు ముంబై | 4 జనవరి, మధ్యాహ్నం 1:15

మాది మక్తల్. నాయన బొంబాయికి వలసొచ్చిండు, నేను ఇక్కడనే పెరిగిన. పండుగకు, జాతరకు ఊరికొస్త. ఊరికొస్తే మ్యాచ్ ఆడకుండ పోను.

ఇక్కడ ఆజాద్ మైదాన్‌ల ఒక్క గ్రౌండ్‌లనే 22 పిచ్‌లున్నయి. ఒక మ్యాచ్‌ల మిడాన్ నిలబడ్డోడు ఇంకో మ్యాచ్‌ల పాయింట్‌కు ఆనుకొని ఉంటడు. 1988ల సచిన్, కాంబ్లీ ఇద్దరు స్కూల్ మ్యాచ్‌ల 664 పరుగులు జోడించింది అక్కడనే. వానాకాలంల కాంగా లీగ్ నడుస్తది, 1948 నుంచి. బురదల, తడి పిచ్ మీద ఆడుడు. పేరున్న టెస్ట్ ప్లేయర్లు గూడ కుర్రగాళ్లతోని కలిసి ఆడేటోళ్లు. ఆఫీసులకు టైమ్స్ షీల్డ్ ఉంది. బ్యాంకు గుమస్తా గూడ లెదర్ బాల్ ఆడుతడు.

అట్లని టెన్నిస్ బాల్‌ను ఇక్కడ తక్కువ చూడరు. రాత్రిపూట లైట్ల కింద టెన్నిస్ బాల్ టోర్నీలు జోరుగ నడుస్తయి. 2024ల ఐఎస్‌పీఎల్ అని టెన్నిస్ బాల్ లీగే పెట్టిన్రు, ఠాణే స్టేడియంల. హైదరాబాద్ టీమ్ రామ్‌చరణ్‌ది. గల్లీలల్ల ఆడే పోరలు వేలంపాటల పోయిన్రు. గందుకే అంటున్న, రెండు దారులు పక్కపక్కన ఉండాలె. ఒకటి మూసి ఇంకోటి తెరవొద్దు.

మా మక్తల్, నారాయణపేట దిక్కు రెండో దారి అసలు లేదు. బాధ గదే.

---

దేవరకొండ లెఫ్టీ | 4 జనవరి, మధ్యాహ్నం 2:40

మక్తల్ అన్నా, సరిగ్గా చెప్పావు. టెన్నిస్ బాల్‌ను తీసేయమని నేనూ అనను. సంక్రాంతి, దసరా కప్పులు అలాగే ఉండాలి. నటరాజన్ టెన్నిస్ బాల్‌తోనే ఆ యార్కర్ నేర్చాడు. సేలం జిల్లా చిన్నప్పంపట్టి అనే పల్లెటూరు. 2016లో తమిళనాడు ప్రీమియర్ లీగ్ మొదలైంది, అందులో కనబడ్డాడు, 2017 ఐపీఎల్‌కు 3 కోట్లకు కొన్నారు, 2020-21లో ఆస్ట్రేలియాలో ఒకే టూర్‌లో మూడు ఫార్మాట్లలోనూ ఇండియాకు ఆడాడు. 2023లో తన ఊళ్లోనే మైదానం కట్టించాడు. పల్లె టోర్నీకీ ఇండియా జట్టుకూ మధ్య ఒక మెట్టు ఉంటే ఏం జరుగుతుందో అది. ఆంధ్రాలోనూ 2022లో ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఆ మధ్య మెట్టు మన జిల్లాల్లో మనమే కట్టుకోవాలన్నది నా మాట.

కీపర్ అన్నా, లెక్క అడిగావు. రాత్రికి రాస్తా.

---

వనపర్తి పీఈటీ | 4 జనవరి, సాయంత్రం 5:55

ఇంతసేపూ అన్నలు, తమ్ముళ్లు, పోరగాళ్ల గురించే మాట్లాడుకుంటున్నారు. ఆడపిల్లల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను.

2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు వరల్డ్ కప్ గెలిచారు. 298 కొట్టి దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించారు. షఫాలీ 87, దీప్తి 58 పరుగులు, 5 వికెట్లు. ఆ జట్టులో హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి ఉంది, కడప నుంచి శ్రీచరణి ఉంది. అదే ఏడాది జనవరిలో అండర్-19 వరల్డ్ కప్‌లో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష స్కాట్లండ్ మీద 110 నాటౌట్ కొట్టింది. ఆ టోర్నీ చరిత్రలోనే మొదటి సెంచరీ. ఫైనల్లో 3 వికెట్లు, 44 నాటౌట్, ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. భద్రాచలం ఎక్కడ, కౌలాలంపూర్ ఎక్కడ! ఆమె క్రికెట్ కోసం ఆ కుటుంబం ఊరు వదిలి సికింద్రాబాద్‌కు మారింది. ప్రతి కుటుంబం అలా మారగలదా?

మా స్కూల్ పిల్లలు ఆ ఫైనల్ మర్నాడు పీరియడ్ అయ్యేదాకా దాని గురించే మాట్లాడారు. ముగ్గురు అమ్మాయిలు వచ్చి "మేడం, మాకూ టోర్నమెంట్ ఉందా?" అని అడిగారు. కబడ్డీ ఉంది, ఖోఖో ఉంది, వాలీబాల్ ఉంది. ఊళ్లో క్రికెట్ టోర్నమెంట్ మాత్రం మగపిల్లలకే. అమ్మాయిలు గ్రౌండ్ దగ్గరికి వచ్చి చూడడానికే మొహమాటపడతారు.

మీరు లెదర్ బాల్ టోర్నీ పెడితే అమ్మాయిలకు కూడా పెట్టండి, నాలుగు జట్లయినా చాలు. మహిళల క్రికెట్ బాల్ కొంచెం తేలిక, 140 నుంచి 151 గ్రాములు. ఆ బాళ్లు విడిగా తెప్పించాలి. మగపిల్లల బాల్ ఇచ్చి ఆడమంటే మొదటి రోజే వేళ్లు వాచి మళ్లీ రారు. టోర్నీ రోజుల్లో గ్రౌండ్ దగ్గర బాత్రూమ్, బట్టలు మార్చుకునే గది ఉండాలి. ఇది చిన్న విషయం అనుకోకండి. తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదే.

---

జడ్చర్ల జంక్షన్ | 4 జనవరి, సాయంత్రం 6:10

మేడం, మా చెల్లె బౌలింగ్ చేస్తది. మీరు పెడితే మొదటి పేరు ఆమెదే రాసుకోండి.

---

చెరువు మట్టి | 4 జనవరి, రాత్రి 8:02

పిచ్ గురించి ఎవరూ రాయలేదు. నేను రైతును, నాగర్‌కర్నూల్ దగ్గర. మా ఊరి గ్రౌండ్ నేనే చూసుకుంట. అందుకే రాస్తున్న.

మన దగ్గర గ్రౌండ్లన్నీ చెలక. ఎర్ర ఇసుక నేల. ఎంత రోలర్ తిప్పినా రెండు మ్యాచులకే పొడి లేస్తది, బాల్ పడ్డ దగ్గర గుంత పడ్తది. టెన్నిస్ బాల్‌కు పర్వాలేదు, లెదర్ బాల్‌కు అది ప్రమాదం. ఒక బాల్ మోకాలికి, ఇంకోటి మొకానికి వస్తది. వాంఖడేల గూడ ఎర్ర మట్టే కదా అని కొందరంటరు. దాంట్ల బంక ఉంటది, మన చెలకల ఇసుక ఉంటది. అది వేరు, ఇది వేరు.

టర్ఫ్ పిచ్ మన వల్ల కాదు. దానికి రోజూ నీళ్లు, గడ్డి, కాపలా మనిషి కావాలె. మ్యాటింగే దారి. 22 గజాలంటే 66 అడుగులు. ముందు ఆ జాగల అడుగు లోతు తీసి, కింద మొరం పరిచి, నీళ్లు కొట్టి రోలర్ తిప్పాలె. దాని మీద చెరువు మట్టి, నల్లది, జల్లెడ పట్టి పొరలు పొరలుగ వెయ్యాలె. 2015ల మిషన్ కాకతీయల చెరువుల పూడిక తీసినప్పుడు మేం పొలాలకు తోలుకున్నం, అదే మట్టి. బంకగ ఉంటది, గట్టిగ పట్టుకుంటది. ఒక్కో పొర తడిపి, సగం ఆరినంక రోలర్ తిప్పాలె. పూర్తి తడి మీద తిప్పితే రోలర్‌కు అంటుకొని లేస్తది, పూర్తిగ ఆరినంక తిప్పితే పగుళ్లిస్తది. చెయ్యి పెట్టి నొక్కితే వేలిముద్ర పడాలె గని మట్టి అంటొద్దు. అప్పుడు తిప్పాలె.

దాని మీద కొబ్బరి పీచు మ్యాట్ పరిచి నాలుగు దిక్కుల గుంజి మేకులు కొట్టాలె. వదులుగ ఉంటే బాల్ ఆగి వస్తది, బ్యాట్స్‌మన్ కాలు తట్టుకుంటది. మ్యాచ్ అయినంక చుట్టి లోపల పెట్టాలె. ఎండల వదిలేస్తే, వానల నానితే పాడైతది. చూసుకుంటే ఏండ్లకేండ్లు వస్తది.

మట్టి, ట్రాక్టర్, మనుషులు ఊళ్లనే దొరుకుతయి. కొనాల్సింది మ్యాట్ ఒక్కటే.

---

దేవరకొండ లెఫ్టీ | 4 జనవరి, రాత్రి 9:25

చెరువు మట్టి అన్నా, ఈ పోస్ట్ ప్రింట్ తీసి పెట్టుకుంటా. కీపర్ అన్నకు నేను రాద్దామనుకున్న లెక్కలో పెద్ద భాగం నువ్వే తేల్చేశావు.

మిగిలింది ఇది. ఎనిమిది జట్లు. నాలుగు ఉమ్మడి నల్గొండ నుంచి, నాలుగు ఉమ్మడి పాలమూరు నుంచి. కిట్టు ప్రతి ఆటగాడికీ అక్కర్లేదు. బ్యాటింగ్ చేసేది ఇద్దరే, ప్యాడ్ కట్టుకుని కూర్చునేది ఒక్కరు, కీపర్ ఒకడు. రోజుకు ఒకటే మ్యాచ్ కాబట్టి టోర్నీ మొత్తానికి రెండు జట్ల కిట్టు ఉంటే సరిపోతుంది. హెల్మెట్, గార్డ్ తప్పనిసరి, అందులో బేరం లేదు. ఇన్నింగ్స్‌కు ఒక బాల్. మేరఠ్‌లో తయారయ్యే మామూలు క్లబ్ బాళ్లు చాలు. జట్ల మీద ఎంట్రీ ఫీజు వద్దు. ఈ సంక్రాంతికి ఏ టోర్నీ కమిటీ ఒప్పుకుంటే ఆ కమిటీ తన ప్రథమ బహుమతిలో సగం ఇటు ఇవ్వాలి, ఫ్లెక్సీ మీద దాత పేరు పక్కన "పిచ్ దాత" అని రాద్దాం. దాతకూ గౌరవం, మనకూ పని.

---

గద్వాల కీపర్ | 4 జనవరి, రాత్రి 9:58

కిట్టు రెండు సెట్లు, ఎంట్రీ ఫీజు లేదు అంటే నాకు ఒప్పుదల. ఇంతకు ముందు ఇట్ల ఎవరు చెప్పలే. కాని ప్రైజ్ మనీ సగం కోసుడు నాకు ఇంకా నచ్చలే. పావు వంతు అయితే మా కమిటీల మాట్లాడుత. సగమంటే మాట గూడ ఎత్తనియ్యరు.

---

స్కోర్‌బుక్ హుజూర్‌నగర్ | 4 జనవరి, రాత్రి 10:20

నేను స్కోరర్‌ని. ఈమధ్య క్రిక్‌హీరోస్ అనే స్కోరింగ్ యాప్‌లో ఎక్కిస్తున్నాం కాబట్టి ప్రతి బాల్ లెక్క ఉంటోంది. అందులో ఒకటి చూసి చాలా ఆలోచించాను. మా టోర్నీల్లో బాగా కొట్టే కుర్రాళ్లు కూడా ఒక ఇన్నింగ్స్‌లో ఇరవై బంతుల కంటే ఎక్కువ ఎదుర్కోవడం అరుదు. ఎనిమిది ఓవర్ల ఆటలో ఇంకెన్ని వస్తాయి? గంటసేపు క్రీజులో నిలబడటం ఎలా ఉంటుందో తెలియకుండానే వాళ్ల ఆట అయిపోతోంది.

1999 నవంబర్ 8న ఎల్బీ స్టేడియంలో సచిన్, ద్రవిడ్ న్యూజిలాండ్ మీద 331 పరుగులు జోడించిన మ్యాచ్ గురించి మా మామయ్య ఇప్పటికీ చెప్తాడు. 2009లో ఉప్పల్‌లో సచిన్ 175 కొట్టి కూడా 3 పరుగులతో ఓడిన రాత్రి నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు నాకు నేర్పింది ఆ షాట్లు కాదు. 351 కొట్టాల్సిన చోట, మధ్యలో వికెట్లు పడుతున్నా, ఒక్కో ఓవర్‌కు ఎంత కావాలో లెక్కపెట్టుకుంటూ గంటలకొద్దీ ఆడిన పద్ధతి. అది ఎనిమిది ఓవర్లలో ఎవరూ నేర్చుకోలేరు.

కాబట్టి నా విన్నపం: మీ టోర్నీ టీ20 పెట్టకండి. కనీసం ముప్పై ఓవర్లు. జట్లు తక్కువైనా సరే.

---

మిర్యాలగూడ అంపైర్ | 5 జనవరి, ఉదయం 7:10

ముప్పై ఓవర్లకు నా ఓటు. కానీ మే నెలలో నల్గొండ ఎండ సంగతి మర్చిపోవద్దు. 44, 45 డిగ్రీల్లో పదకొండు తర్వాత పిల్లల్ని గ్రౌండ్‌లో ఉంచడం నేరం. పొద్దున ఆరింటికి మొదటి బాల్ పడాలి. ముప్పై ఓవర్ల మ్యాచ్‌ను రెండు పొద్దులకు పంచండి, ఒక ఇన్నింగ్స్ ఈరోజు, ఇంకోటి రేపు. పాత రోజుల్లో అలాగే ఆడేవాళ్లం. పిచ్ ఒక్కరాత్రిలో మారేది కూడా ఏమీ లేదు, పైన ఉన్నది మ్యాటే కదా.

---

వనపర్తి పీఈటీ | 5 జనవరి, ఉదయం 7:45

ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి, పదో తరగతివి ఏప్రిల్ దాకా ఉండొచ్చు. ఏప్రిల్ చివరి వారం పెట్టండి. మే దాకా ఆగితే సగం మంది పిల్లలు అమ్మమ్మ ఊళ్లకు పోతారు, కొందరు పనులకు పోతారు. అమ్మాయిల నాలుగు జట్ల సంగతి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

---

దేవరకొండ లెఫ్టీ | 5 జనవరి, ఉదయం 8:30

మేడం, అమ్మాయిల జట్లు ఉంటాయి. అదే పిచ్, అదే రోజులు, సాయంత్రం పూట. తేలిక బాళ్ల ఖర్చు నేనూ మక్తల్ అన్నా చూసుకుంటాం, రాత్రి ఫోన్లో మాట్లాడుకున్నాం. జట్లు కట్టే బాధ్యత మీది.

కీపర్ అన్నా, పావు వంతే కానీ. ముందు మీ కమిటీని ఒప్పించు.

ముప్పై ఓవర్లు, ఏప్రిల్ చివరి వారం, పొద్దున ఆరు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ వారంలోగా రాయండి. ఇక తేలాల్సింది గ్రౌండ్. కాలేజీ గ్రౌండ్ అయితే అనుమతి రాతపూర్వకంగా కావాలి, ఊరి గ్రౌండ్ అయితే పిచ్ తవ్వనివ్వాలి.

---

చెరువు మట్టి | 5 జనవరి, ఉదయం 9:05

మా ఊరి గ్రౌండ్‌ల తవ్వుకోండి. సర్పంచ్‌తోని నేను మాట్లాడుత. మట్టి మాత్రం ఫిబ్రవరిల తోలాలె, చెరువుల నీళ్లు కిందికి దిగినంక. తోలినంక కనీసం నెల రోజులు రోలర్ తిప్పాలె. ఎవరి దగ్గరైనా రాతి రోలర్ ఉంటే చెప్పండి, మా దగ్గర ఉన్నది ఇరుసు విరిగింది.

---

జడ్చర్ల జంక్షన్ | 5 జనవరి, ఉదయం 9:20

రోలర్ మా దగ్గర ఉంది. ట్రాలీ పంపండి.